పన్నెండు ముక్కు పురుగులు, స్థలం తెలియదు

పురుగుల సారు పోయారని కాలేజీ వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను "ఎట్ల?" అని అడగలేదు. "ఎక్కడ?" అని అడిగాను.

"ఎక్కడేంది లచ్చవ్వా, గీ కరీంనగర్లనే, ఇంట్ల. పొద్దుగాల కుర్సీల కూసున్న మనిషి కూసున్నట్టే పోయిండు" అన్నాడు.

చావు కబురు విని ముందు జాగా సంగతి అడిగే అలవాటు నాది కాదు, సారుది. ఇరవై ఏళ్లు ఆయన దగ్గర పని చేస్తే అంటుకుంది. ఆయన ఏది చూసినా మొదటి మాట "ఎక్కడిది?" మామిడిపండు చేతిలో పెడితే వాసన చూడకముందే అడిగేవారు. ఒకసారి పెళ్లి భోజనంలో వంకాయ కూర వడ్డించే మనిషిని ఆపి, "వంకాయలు ఎక్కడియి?" అన్నారు.

"మార్కెట్ల కొన్నం సార్."

"మార్కెట్ల కాయవు కదా?"

ఆ మనిషి కూర గిన్నె పట్టుకొని పక్క బంతికి పారిపోయాడు. సారు విస్తరిలో వంకాయ పడనే లేదు. నేను అక్కడే ఉన్నాను, నవ్వు ఆపుకోలేకపోయాను.

మనిషి సన్నగా ఉండేవారు. జేబులోంచి ఏదో జారిపోయినట్టు నేల వెతుక్కుంటూ నడిచేవారు. చొక్కాకు రెండు జేబులు కుట్టించుకునేవారు, ఎడమ దాంట్లో గాజు గొట్టాలు, కుడి దాంట్లో పల్లీలు. దగ్గరికి వస్తే కలరా ఉండల వాసన. బస్సులో ఆయన పక్కన సీటు ఎప్పుడూ ఖాళీయే. ఎవరినైనా "మీరు" అనేవారు. ఊడ్చేదాన్ని నన్ను కూడా మీరు అంటుంటే మొదట్లో ఎక్కిరిస్తున్నారనుకున్నాను. నాలుగు రోజులు ముఖం ముడుచుకొని తిరిగాను. వీధి కుక్కను కూడా "జర జరుగుండ్రి" అంటుంటే విని కోపం పోయింది.

ప్రిన్సిపాల్ మీటింగ్‌కు పిలుస్తున్నారని ప్యూన్ వచ్చి మూడుసార్లు చెప్పినా భూతద్దం మీదినుంచి తల ఎత్తేవారు కాదు. "పురుగు సచ్చి మస్తు దినాలైంది. దానికే లేని తొందర మనకెందుకు?" అనేవారు.

మేం మేదరి వాళ్లం. బొంగులు చీల్చి గంపలు, చాటలు, తడకలు అల్లుకునే ఇల్లు మాది. నేను పుట్టింది లక్సెట్టిపేట కింద, గోదావరి ఒడ్డున ఉన్న చిన్న పల్లె. పెళ్లయి కరీంనగర్ వచ్చాను. మా ఇంటాయన తొందరగానే పోయాడు. గంపలు కొనేవాళ్లు తగ్గిపోయి, కాలేజీలో జంతువుల మ్యూజియం ఊడ్చే పనికి చేరాను, రోజు కూలికి. మ్యూజియం అంటే రెండు గదులు. సీసాల్లో పాములు, ఒంటికన్ను గుడ్లగూబ ఒకటి, గోడ పొడవునా బీరువాలు. బీరువాల నిండా పెట్టెలు, పెట్టెల్లో సూదులకు గుచ్చిన పురుగులు. అవన్నీ సారు చేతిమీద ఉండేవి.

ఒకరోజు ఆయన బల్ల మీద ఒక పెట్టె తెరిచి ఉంది. ఊడుస్తూ తొంగి చూశాను. కాలిన బెల్లం రంగులో, బొటనవేలి కణుపంత పురుగులు. ముందుకు పొడుచుకొచ్చిన పొడుగు ముక్కు.

"ఇది మా బొంగుల పురుగే" అన్నాను. "ముక్కుతోని లేత మొలకకు తూటు పెడతది. గా మొలక ఇగ బొంగు కాదు, గిడసబారి పోతది. ముంగటి కాళ్లు పొడుగున్నది మొగది."

సారు భూతద్దం కింద పెట్టారు. "మా బొంగులంటే? ఎక్కడియి?"

"మా ఊర్లయి సార్. గోదారి ఒడ్డుకు."

"అడవి నుంచి తెచ్చినయా, ఆడ మొలిచినయా?"

"తెచ్చుడేంది? ఆడ్నే మొలుస్తయి. మా తాత తండ్రి కాలం నుంచి ఉన్నదా పొద."

ఆ రోజు ఇక నన్ను చీపురు పట్టనివ్వలేదు. ఎదురుగా స్టూల్ వేసి కూర్చోబెట్టి చెప్పారు. ఆ పురుగు వానలు దంచికొట్టే తూర్పు అడవులదని పుస్తకాలన్నీ రాశాయట. మన గోదావరి దిక్కు ఉన్నదని ఎవరూ రాయలేదట. తన దగ్గరున్న ఏడూ కరీంనగర్లో బొంగుల అడితిలో దొరికాయి. అడితికి లారీలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి.

"గీ ఏడు లారీ ఎక్కి వచ్చిన సుట్టాలు లచ్చవ్వా. వీటిని చూపెట్టి ఇక్కడియి అంటే ఎవలు నమ్మరు. మీ ఊర్ల మొలక మీద దొరికితే అది ఇంటి మనిషి" అన్నారు.

తొలకరి పడ్డ వారానికి ఇద్దరం లక్సెట్టిపేట బస్సెక్కాం. అక్కణ్ణించి నడక. మా పొద దగ్గర బురదలో సారు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఏ మొలకకు తూటు ఉందో నేను చూపెడుతుంటే, పసిపిల్ల తల మీద చెయ్యి పెట్టినట్టు మొలక మీద చెయ్యి పెట్టి చూసేవారు. పట్టుకున్నది మాత్రం నేనే. పొద్దంతా తిరిగితే ఐదు దొరికాయి. ఒకదాని కాలు నా చేతిలో విరిగింది. "అయ్యో" అన్నాను. "పర్వలే, అది నడిచేది లేదు ఇగ" అన్నారు.

తిరుగు బస్సులో కండక్టర్ మా సంచి కదలడం చూశాడు.

"గండ్ల ఏమున్నదే?"

"పురుగులు" అన్నారు సారు.

"పురుగులా! వాటికి టికెట్ తీసిండ్రా?"

"చిన్న పానాలు. హాఫ్ టికెట్ కొట్టుండ్రి."

బస్సంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, నిజంగానే జేబులో చిల్లర వెతికారు.

మర్నాడు వాటికి చీటీలు రాశారు. గోరంత కాగితం ముక్కలు, వాటి మీద చీమ కాలంత ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కో సూదికి ఒక్కో చీటీ గుచ్చి, ఐదింటినీ ఆ ఏడింటి పెట్టెలోనే సర్దారు. ఏం రాశారని నేను అడగలేదు. పురుగు పేరు రాశారనుకున్నాను. పన్నెండూ ఒకే పురుగు కాబట్టి పన్నెండు చీటీలూ ఒకటేనని నా లెక్క. అక్షరం రాని మనిషికి అంతకంటే ఏం తోస్తుంది?

హైదరాబాద్‌లో పెద్దవాళ్లకు సారు ఉత్తరం రాశారు. దసరా సెలవుల తర్వాత వచ్చి చూస్తామని వాళ్లు జవాబిచ్చారు. ఆ జాబు వచ్చిన రోజు సారు నాకు గుప్పెడు పల్లీలు పెట్టారు. "మీ ఊరు పుస్తకాలకు ఎక్కబోతుంది" అన్నారు. సొంత ఊరికి పోతూ బీరువా తాళంచెవి నా చేతికిచ్చారు. కలరా ఉండలు అయిపోతే వెయ్యమన్నారు, అంతే.

దసరాకు ముందు ఆయుధ పూజకు కాలేజీలో అందరూ ఎవరి సామాన్లు వాళ్లు కడుక్కుంటున్నారు. డ్రైవర్ బస్సు కడిగాడు. ల్యాబ్ వాళ్లు మైక్రోస్కోపులకు బొట్లు పెట్టారు. మా సారు ఆయుధం ఏమిటి? ఆ పెట్టె. పెద్దవాళ్లు వచ్చి చూసే పెట్టె. మూత తీస్తే చీటీలకు బూజు పట్టి ఉంది. పన్నెండు చీటీలూ సూదుల నుంచి తీశాను. మెత్తటి గుడ్డతో తుడిచి, నీడకు ఆరబెట్టాను. కోడి ఈకతో పురుగుల దుమ్ము దులిపాను. తర్వాత చేతికి వచ్చిన చీటీ చేతికి వచ్చిన సూదికి గుచ్చాను. ఒక్కటి కూడా వంకర లేకుండా, ఒక్కటి కూడా చిరగకుండా. మూత మూలకు పసుపు, కుంకుమ పెట్టాను. అంత శ్రద్ధగా నా పెళ్లి చీర కూడా మడత పెట్టలేదు.

సెలవుల తర్వాత సారు జమ్మి ఆకు పట్టుకొని వచ్చారు. పెట్టె తెరిచారు. ఒక్కో చీటీ మీదికి వంగి చూశారు.

"చీటీలు తీసిండ్రా లచ్చవ్వా?"

"తీసిన సార్. బూజు పట్టినయి. మల్ల పెట్టిన. ఒక్కటి గూడ పోలే, సరిగ్గ పన్నెండు."

"ఏ చీటీ దేనిదో దానికే పెట్టిండ్రా?"

"అన్నీ ఒక్కటే కద సార్?"

ఆయన నా ముఖం చూశారు. తర్వాత మూత మీది బొట్టు వైపు చూశారు. "సక్కగ పెట్టిండ్రు" అన్నారు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టారు.

మూడు రోజులు ఆయన అన్నం గిన్నె తెరవలేదు. భూతద్దం కింద ఒక్కో పురుగునూ తిప్పి తిప్పి చూశారు. ఏం వెతుకుతున్నారో నాకు తెలియదు. కాళ్ల సందుల్లో మా ఊరి మట్టి వెతికారని తర్వాత తెలిసింది. మట్టి ఎక్కడుంటుంది? కోడి ఈకతో దులిపేశాను కదా.

హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చారు. నేను చాయ పట్టుకొని పోయేసరికి సారు నిలబడి ఏదో చెబుతున్నారు, తల వంచుకొని. వాళ్లలో ఒకాయన పెద్దగా నవ్వాడు. "ఇంత అనుభవం పెట్టుకొని ఇదేం పని సార్!" అన్నాడు. మిగతాదంతా ఇంగ్లీషు. చాయ సగం తాగి వెళ్లిపోయారు. ఇంకోసారి రాలేదు.

ఆ వారమే సారు పలక తెచ్చారు.

"గీ వయసుల నాకెందుకు సార్ అక్షరాలు?"

"నాకు సాయం కావాలె. మీకు వస్తే నాకు జర ఫికర్ తగ్గుతది" అన్నారు.

అ, ఆలు కాదు, ముందు ఊళ్ల పేర్లు నేర్పారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక బస్టాండుకు తీసుకుపోయి బస్సుల బోర్డులు చదివించేవారు. మంథని తొందరగా వచ్చింది. మెట్‌పల్లికి వారం పట్టింది. మా లక్సెట్టిపేట అయితే నా ప్రాణం తీసింది. "గా పేరు పెట్టినోనికి పనిలేదా సార్, ఇన్ని మెలికలు పెట్టిండు?" అంటే సారు బస్టాండులో పడీ పడీ నవ్వారు. చీటీల సంగతి జరిగాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. నాకు అప్పటికీ ఏమీ తెలియదు.

రెండేళ్లు పట్టింది నాకు కూడబలుక్కుని చదవడానికి. సారు చీటీలు ఇంగ్లీషులో రాసినా రిజిస్టరు తెలుగులో రాసేవారు. ఒకరోజు ఆయన పరీక్షల డ్యూటీకి పోతే దుమ్ము దులుపుతూ తెరిచాను. ముక్కు పురుగు అన్న మాట చదవగలిగి సంబరపడ్డాను. పక్క గడిలో స్థలం. మొదట రాసింది కొట్టేసి ఉంది. కొట్టివేత కింద లక్సెట్టిపేట కనపడుతోంది, ఐదు వరుసల్లో. మిగతా ఏడింట్లో అడితి. పన్నెండూ కొట్టేసి, పన్నెండు వరుసల్లోనూ "తెలియదు" అని రాశారు. చివర్న ఒక వాక్యం. వేలు పెట్టుకుంటూ చదివాను. "చీటీలు నా అజాగ్రత్త వల్ల కలిసిపోయినవి."

అప్పుడు అర్థమైంది, చీటీల మీద రాసింది పురుగు పేరు కాదు, దొరికిన జాగా అని, అన్నీ ఒకటి కావని.

సారు రాగానే రిజిస్టరు ముందు పెట్టాను. "గిదెందుకు రాసిండ్రు? కలిపింది నేను కద."

"పెట్టె ఎవరిది?"

"మీది."

"తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలె?"

"మీ దగ్గర."

"మీకెవరిచ్చిండ్రు?"

"...మీరే."

"మరి ఇంకేంది?"

"సార్, ఏ చీటీ దేనికున్నా ఎవనికి తెలుస్తది? ఐదింటికి మా ఊరి చీటీ ఉన్నది కద, ఉండనిస్తే ఏమాయె?"

"పన్నెండుల ఐదు మీ ఊరియే. కని ఏ ఐదు? వేరే ఊరి పురుగును మీ ఊర్ల పుట్టిందని నేను రాయలేను లచ్చవ్వా." రిజిస్టరు మూసి మెల్లగా అన్నారు. "ఈ ముచ్చట బయట అనకుండ్రి. మీది పర్మినెంటు నౌకరి కాదు. తెల్లారి తీసేస్తరు."

నేను అనలేదు. సారు చెప్పారని అనలేదనుకుంటే అబద్ధం. నౌకరి పోతుందని భయపడి అనలేదు. తర్వాత పర్మినెంటు అయింది. అప్పుడూ అనలేదు.

మళ్లీ పట్టుకుందామని, నాకు సంగతి తెలియకముందు నుంచే, ఇద్దరం ఏటా తొలకరికి మా ఊరు పోయాం. చీటీలు కలిసిన మరుసటి ఏడే మా పొద పూసింది. బొంగు పూసిందంటే ఇక ఎండిపోతుంది, మా మేదరోళ్లకు అది చావు లెక్క. పొద మొత్తం ఎండి కూలింది. కింద గింజ పడి మళ్లీ మొలిచింది గానీ, దారంత సన్నటి పిలకలు, పురుగు వాలే మొలక కాదు. సారు ఏటా వాటి పక్కన కూర్చొని చూసేవారు. "తొందరేమున్నది" అనేవారు. పిలకలు బొంగులు కాకముందే గోదావరికి ప్రాజెక్టు కట్టారు. మా ఊరూ, పొదా నీళ్ల కిందికి పోయాయి. ఆ ఏడు కూడా సారు వచ్చారు. ఒడ్డున నిలబడి, "పొద ఏ దిక్కుండె?" అని అడిగారు. చేత్తో నీళ్లవైపు చూపించాను. ఇక ఆ తర్వాత ఏడు నుంచి వెళ్లలేదు.

చీటీలు కలిపిన పేరు మాత్రం ఆయనకు ఇంటిదాకా వచ్చింది. హైదరాబాద్ వాళ్లు నవ్వి పోయిన సంగతి ఎవరో అమ్మ చెవిన వేశారు. అమ్మ అంటే సారు భార్య. మంచిదే, కానీ నోరు ఊరుకోదు. ఎప్పుడు వాళ్లింటికి పోయినా ఆ మాట వినపడేది. ఆయన పెరుగు మరిచిపోతే, "చీటీలు కలుపుకునే మనిషికి పెరుగు ఏం యాదికుంటది?" కరెంటు బిల్లు కనపడకపోతే, "పురుగులకు పెట్టిండ్రా ఏంది?" చుట్టాల ముందు కూడా అనేది, అందరూ నవ్వేవాళ్లు. సారు కూడా నవ్వేవారు. నేను గుమ్మం దగ్గర చాయ గ్లాసు పట్టుకొని నేల చూసేదాన్ని.

సారు పోయిన నెలకు కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక పిల్ల వచ్చింది, మ్యూజియంలో రికార్డులన్నీ ఫొటో తీసి కంప్యూటర్లో ఎక్కించడానికి. ముక్కు పురుగుల దగ్గర ఆగిపోయి, తెలిసిన వాళ్లెవరని అడిగితే నా పేరు చెప్పారట.

"అవ్వా, స్థలం లేకుంటే మ్యాపు మీద చుక్క పడదు" అంది ఆ పిల్ల. "ఈ పురుగు గోదావరి దగ్గర దొరికిందని ఇప్పటికీ ఎవరూ రికార్డు చెయ్యలేదు. పట్టింది నువ్వే అంటున్నరు. ఆ ఐదు ఏవో గుర్తుపడితే చెప్పు, నీ మాటే రాసుకుంట."

"కాలో రెక్కో తెంపి పరీక్ష చేస్తే తెలవదా బిడ్డా?"

"పోల్చి చూడడానికి మీ ఊరిదే ఇంకోటి కావాలవ్వా. ఉందా?"

లేదు.

భూతద్దం నా ముందుకు జరిపింది. ఒకదాని కాలు నా చేతిలో విరిగింది కదా, దాన్ని గుర్తుపడతానేమో అనుకున్నాను. చూస్తే రెండింటికి కాళ్లు విరిగి ఉన్నాయి. రెండూ ముందు కాళ్లే. నా వేలు ఒకదాని మీదికి పోయింది. "ఇది" అంటే చాలు. ఒక్కటి చాలు, మ్యాపు మీద మా ఊరు పడుతుంది. సారు జీవితమంతా అడిగింది అదొక్కటే. ఆయన లేరు, కాదనేవాళ్లెవరూ లేరు. నా వేలు అక్కడే ఎంతసేపు ఉందో నాకు తెలియదు. ఆ పిల్ల తొందరపెట్టలేదు.

"తెల్వదు బిడ్డా" అని వేలు తీసేశాను. "కని రిజిస్టర్ల గా కింద రాసింది తప్పు. అది కొట్టెయ్."

"సారు రాసింది నేను కొట్టెయ్యకూడదు అవ్వా. నువ్వు చెప్పు, దాని కింద నీ మాట రాస్త."

చెప్పాను. ఆయుధ పూజ, బూజు, కోడి ఈక, అక్షరం రాకపోవడం, అన్నీ. ఆ పిల్ల టైపు చేసి తెర నావైపు తిప్పింది. చీటీలు కలిపింది లచ్చవ్వ, సారు తప్పు లేదు. ఐదు లక్సెట్టిపేట కింది పల్లెవి, ఏడు అడితివి, ఏది ఏదో తెలియదు. చదువుకొని సరే అన్నాను. మ్యాపు మీద చుక్క పడలేదు.

అక్కణ్ణించి అటే సారు ఇంటికి పోయాను. అమ్మ వరండాలో కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చొని, చెప్పులు కూడా సరిగా విడవకుండా, మొత్తం చెప్పేశాను.

మొదట నవ్వింది. "నువ్వా? నువ్వు కలిపినవా?"

"నేనే అమ్మా. సారు ఇంట్ల గూడ చెప్పలేదా?"

"చెప్పలే." చిక్కుడుకాయ ఆమె చేతిలోనే ఉంది. "ఒక్కపారి గూడ చెప్పలే."

రోడ్డు మీద పోయే ఆటోల వైపు చూసింది. తర్వాత అంది, నాతో కాదు అన్నట్టుగా. "సుట్టాల ముంగట అన్న. కోడలి ముంగట అన్న. ఆయన పోయిన పొద్దుగాల చాయల చక్కెర బదులు ఉప్పు ఏసుకున్నడు లచ్చవ్వా, కండ్లు సక్కగ కనపడక. అప్పుడు గూడ అదే మాట అన్న. నవ్విండు. గ్లాసు పక్కన పెట్టి గా కుర్సీల పోయి కూసున్నడు."

మళ్లీ నావైపు తిరిగింది.

"ఇన్నేండ్లు చెప్పనిదానివి ఇప్పుడెందుకు చెప్పినవే?" అని అరిచింది. "ఇగ నేనెవలికి చెప్పుకోవాలె?"

చెప్పేస్తే బరువు దిగుతుందనుకుని వచ్చాను. దిగలేదు. ఆమెకు కూడా సగం ఎత్తాను, అంతే. ఆమె ముందున్న చాట నావైపు లాక్కొని చిక్కుడుకాయలు అందుకున్నాను. ఆమె పొమ్మనలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని, కొంచెం సేపయ్యాక తను కూడా ఒక కాయ తీసుకుంది.